సెలవు మనది, కాలం గోదావరిది

అది జూన్ మాసంలో ఒక శుక్రవారం. జుమా నమాజు ముగించుకొని అమలాపురంలోని మా ఇంట్లో భోజనానికి కూర్చున్న వేళ కువైట్ నుండి భాయిజాన్ ఫోను చేశారు. ఆగస్టులో ముప్పై రోజుల సెలవు దొరుకుతుందనీ, ఈసారి పిల్లలకు చేపల వేట నేర్పాలనీ, సముద్రపు తాబేళ్లను చూపాలనీ, కోరంగి మడ అడవిలో పడవపై తిప్పాలనీ, చివరకు పులస కూడా తినిపించాలనీ తన కోరికలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పారు. అబ్బా చేయి కడుక్కొని ఫోను అందుకున్నారు.

"బేటా! నీ సెలవు సంగతి నీ కంపెనీకి తెలుసు గాని గోదావరికి తెలియదు కదా! నువ్వు చెప్పిన నాలుగూ ఒకే నెలలో దొరికేవి కావు" అన్నారు.

అబ్బాకు డెబ్బై నాలుగేళ్లు. మా అన్నదమ్ములిద్దరికీ విసురు వల వేయడం నేర్పినది ఆయనే. నిరుడు కంటికి శస్త్రచికిత్స జరిగింది. మోకాళ్లు సహకరించడం లేదు. అందుచేత 'ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చూద్దాం' అన్న మాట మా ఇంట్లో ఎవరూ తేలికగా అనగలిగే మాట కాదు. ఇక పదకొండేళ్ల మనుమడు, ఎనిమిదేళ్ల మనుమరాలు కువైట్‌లోనే పుట్టి పెరిగినవారు. సముద్రాన్ని ఎరిగినవారే గాని నదిని ఎరుగరు. ఆ దేశంలో నది లేదు.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకొని పన్నెండు నెలల పేర్లూ వరుసగా వ్రాసుకున్నాము. ఏ నెలలో ఏమి చూడవచ్చో, ఏమి చేయరాదో ఒక్కొక్కటిగా నింపుకుంటూ వచ్చాము. ఇటువంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ కాగితంలోని సంగతులనూ, ఆ తర్వాత జరిగినదానినీ ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

మూడు పాయల నడుమ

ముందుగా నేల సంగతి. ధవళేశ్వరం దాటిన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుండి గన్నవరం వద్ద వైనతేయ విడిపోతుంది. ఉత్తరాన గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. వీటి మధ్యనున్న త్రికోణపు నేలే కోనసీమ. 2022 ఏప్రిల్‌లో ఇది అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది.

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పనిని 1847లో ఆరంభించి 1852 నాటికి పూర్తి చేయించారు. గన్నవరం వద్ద వైనతేయ మీదుగా అక్విడెక్టు కట్టి రాజోలు ప్రాంతానికి కాలువ నీరు అందించారు. నేడు కొత్తపేట నుండి రాజోలు దాకా మనం చూసే కొబ్బరి తోటలూ వరి చేలూ ఆ కాలువల చలువతో నిలిచినవే. రాజమహేంద్రవరం వైపు నుండి వచ్చేవారు రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేటల మీదుగా అమలాపురం చేరవచ్చు. కాకినాడ నుండి వచ్చేవారు యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమిని దాటాలి. అమలాపురానికి నేటికీ రైలు లేదు. బస్సో కారో తప్పదు.

పన్నెండు నెలల కాగితం

కాగితంలో మేము మొదట కొట్టివేసినవి ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల 61 రోజులు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ రోజులలో మరపడవలు సముద్రంలో వేటకు వెళ్లడాన్ని ప్రభుత్వం నిషేధిస్తుంది. వేట మానిన కుటుంబాలకు ఆ రెండు నెలలూ గడ్డు దినాలు. వలలు బాగు చేసుకుంటూ వారు ఒడ్డున కూర్చున్న సమయంలో మనం సరదాకు సముద్రం మీదకు తీసుకువెళ్లమని అడగడం మర్యాద కాదు.

జూలై నుండి సెప్టెంబరు వరకు వరద కాలం. పులస దొరికేది కూడా అప్పుడే. సముద్రంలో ఉన్నంతకాలం దానిని విలస అంటారు. గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలిసే రోజులలో అది గుడ్లు పెట్టేందుకు ఏటికి ఎదురీదుతూ మంచినీటిలోకి వస్తుంది. అలా ఎదురీదే కొద్దీ దాని రుచి మారుతుందంటారు. అప్పుడది పులస. పై నీళ్లకు పోయే దాని దారికి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డు. అక్కడికి చేరేలోపే వలలు కాచుకొని ఉంటాయి. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాలలో ఒక సామెత. యానాం రేవులో ఒక్కొక్క చేప ధర వేల రూపాయలు పలుకుతుంది. ఒడిశా, బెంగాల్ నుండి వచ్చిన విలసలను పులసలని అమ్మేవారూ ఉన్నారు. "అప్పు చేసి రుచి చూడమని మన ధర్మం చెప్పలేదు. కడుపులో గుడ్లతో పుట్టింటికి వస్తున్నదాన్ని పట్టుకొని పండుగ చేసుకోవడం నాకు ఏనాడూ నచ్చలేదు" అన్నది అమ్మీ. ఆ మాటతో కాగితంలో పులస పేరు చెరిగిపోయింది.

వరద కాలానికి మరొక వైపు కూడా ఉన్నది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అటువంటప్పుడు లంక గ్రామాల వీధులలో పడవలు నడుస్తాయి. అంత వరద రాని ఏడు కూడా ఆగస్టులో పాయలు నిండుగా, సుడులతో ఉంటాయి.

అక్టోబరు, నవంబరు మాసాలలో తూర్పుగాలి తిరిగాక చీరమేను వస్తుంది. సూది మొనల వంటి పిల్ల చేపలను పలుచని గుడ్డలతో వడగట్టి, కొలతల లెక్కన అమ్ముతారు. రుచికి పెట్టింది పేరే. కాని ఒక్క గ్లాసెడు చీరమేనులో ఎన్ని వందల చేపల బ్రతుకున్నదో ఆలోచించాలి.

ఆ నెలలకు వచ్చేసరికి అబ్బా కలం మా చేతిలోంచి తీసుకొని తానే గీత గీశారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను తాకింది. వెయ్యి మందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన వారిలో తిరిగి రానివారెందరో. కొబ్బరి చెట్లు లక్షలుగా కూలిపోయాయి. తెల్లవారాక అబ్బా మసీదులోని నలుగురితో కలిసి బియ్యపు మూటలతో ముమ్మిడివరం దాటి తీరగ్రామాల వైపు నడిచి వెళ్లారట. దారి పొడవునా కూలిన చెట్లు దాటుకుంటూ వెళ్లేసరికి సాయంత్రమైందట. అక్కడ చూసినదేమిటో ఆయన నేటికీ మాకు పూర్తిగా చెప్పలేదు. "నవంబరులో నా మనుమలను సముద్రం ఒడ్డుకు పంపను" అని మాత్రం అన్నారు.

ఇక మిగిలినవి శీతకాలపు నెలలు. డిసెంబరు నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఇసుక తీరానికి వచ్చి, గుంట తవ్వి, ఒక్కొక్కటి నూరు వరకు గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతాయి. సుమారు ఏడు వారాలకు పిల్లలు బయటకు వస్తాయి. వలస పక్షులు మడ అడవులకు చేరేదీ అప్పుడే. నదీపాయలు తేటగా, నెమ్మదిగా ఉంటాయి. సంక్రాంతి వారంలో కోనసీమ దారులన్నీ జనంతో నిండి, బసలు దొరకవు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం వేళ కూడా అంతే. ఆ ఏడు రమజాన్ మార్చి మొదట్లో వస్తున్నది. అన్నీ కలిపి చూడగా జనవరి చివరి రెండు వారాలు మిగిలాయి. కువైట్ బడులకు అర్ధ సంవత్సరపు సెలవులు కూడా అప్పుడే.

అమ్మీ అభ్యంతరం

లెక్క కుదిరిందని మేము సంతోషించాము. అమ్మీ ముఖంలో సంతోషం కనబడలేదు. ఆగస్టులో వస్తే ముప్పై రోజులు ఉంటారు. జనవరిలో వస్తే పన్నెండు రోజులే. "తాబేళ్లూ పక్షులూ మీకు కావాలి. నాకు నా పిల్లలు కావాలి. పద్దెనిమిది రోజులు నేనెందుకు వదులుకోవాలి?" అన్నది. ఆ ప్రశ్నకు మా కాగితంలో జవాబు లేదు. గల్ఫ్‌కు బిడ్డలను పంపిన ప్రతి తల్లీ వేసే లెక్క అది.

చాలాసేపటికి అబ్బా నెమ్మదిగా అన్నారు: "బేగం, ఆగస్టులో వస్తే వాడి కొడుకు చేతికి నేను వల ఇవ్వలేను. ఎర్రనీటిలో పిల్లవాణ్ణి దించే ధైర్యం నాకు లేదు. మరుసటి ఆగస్టుకు వల ఎత్తే బలం ఈ చేతులకు ఉంటుందో లేదో అల్లాహ్‌కే తెలుసు."

అమ్మీ ఒక షరతుతో ఒప్పుకున్నది. ఎక్కడ తిరిగినా రాత్రికి అందరూ ఇంటికి చేరాలి. బయట బస చేయరాదు. ఆలోచిస్తే అది కష్టమైన షరతు కాదు. అంతర్వేది, కోరంగి రెండూ అమలాపురం నుండి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాదగినవే. దూరప్రాంతాల నుండి వచ్చే కుటుంబాలు మాత్రం దిండిలో గాని, కాకినాడలో గాని ముందుగా బస చూసుకోవడం మంచిది.

మొదటి రోజు: వల

జనవరిలో వచ్చారు. మూడో రోజు ఉదయం అందరం వైనతేయ ఒడ్డుకు వెళ్లాము. నీరు మోకాలి లోతున, అడుగున ఇసుక కనబడేంత తేటగా ఉన్నది. అబ్బా వల అంచును మోచేతి మీద సర్దుకొని, నడుము తిప్పి విసిరారు. వల పూర్తిగా విచ్చుకోలేదు. ఒకవైపు ముడుచుకొని పడింది. ఆయన ఏమీ అనకుండా దానిని లాగి మనుమడి చేతికిచ్చారు.

పిల్లవాడు విసిరిన మొదటి పది సార్లూ వల తాడు ఉండలాగే పడింది. మధ్యాహ్నానికి కాస్త విచ్చుకోవడం మొదలైంది. సాయంత్రానికి ఓ పది చేపలు పడ్డాయి. అబ్బా వాటిలో వేలెడంత లేని నాలుగింటిని తిరిగి నీటిలో వేశారు. "నేను పట్టినవి కదా దాదా!" అని పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడు.

అప్పుడు అబ్బా ఒడ్డున కూర్చొని చెప్పిన మాటలివి. ఇహ్రామ్‌లో ఉన్న హాజీకి నేలమీది వేట నిషిద్ధమైనా సముద్రపు వేట అనుమతించబడినదని దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా తెలుపుతున్నది. చేపకు జబహ్ కూడా అవసరం లేదు. అది అంత సులువు చేయబడిన ఆహారం. అయితే అది ఆహారంగా ఇవ్వబడినదే గాని ఆటవస్తువుగా కాదు. ప్రాణమున్న దానిని గురిగా నిలిపి ఆడుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. "మనకు ఈ పూటకు ఆరు చేపలు చాలు బేటా. ఏడవది ఆకలి కోసం కాదు, లెక్క కోసం" అన్నారు.

వలలో ఒక పీత కూడా పడింది. హనఫీ ఇళ్లలో పీత తినరు గనుక దానిని వదిలేశాము. మనుమరాలు దాని వెంట నీటి అంచు దాకా పరుగెత్తింది. ఆ రాత్రి భాభీ పచ్చి చింతకాయ వేసి చేపల పులుసు పెట్టారు. ఆరు చేపలు తొమ్మిది మందికి సరిపోయాయి.

రెండో రోజు: అంతర్వేది ఇసుక

ఫజ్ర్ నమాజు అయిన వెంటనే బయలుదేరి బోడసకుర్రు వంతెన దాటి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరాము. సఖినేటిపల్లి రేవులో పంటు మీద మనుషులూ వాహనాలూ కలిసి నరసాపురం వైపు వశిష్ఠను దాటుతుంటే పిల్లలు కన్నార్పకుండా చూశారు. నది సముద్రంలో కలిసే చోటును ఇక్కడివారు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఏటి నీరు, సముద్రపు నీరు వేరువేరు రంగులలో పక్కపక్కన కనబడతాయి. అక్కడ స్నానానికి దిగడం ప్రమాదం. అడుగున ప్రవాహం ఎటు లాగుతుందో పైకి తెలియదు.

తీరం వెంట నడుస్తుండగా ఇసుకలో ట్రాక్టరు చక్రం జాడ వంటి గీత కనబడింది. నీటి నుండి పైకి వచ్చి, ఒక గుంట చుట్టూ తిరిగి, మళ్లీ నీటిలోకి వెళ్లింది. రాత్రి వచ్చి వెళ్లిన తాబేలు జాడ అది. పిల్లలు దాని పక్కన అడుగులు వేసుకుంటూ వెళ్లారు. మరి కొంత దూరం వెళ్లాక చచ్చిన తాబేలు కనబడింది. మనుమరాలు తండ్రి చేయి పట్టుకొని నిలబడిపోయింది.

దగ్గరలో వల ఆరబెట్టుకుంటున్న వృద్ధుడైన మత్స్యకారుణ్ణి అడిగాము. "ఆయ్, ట్రాలు వలలో చిక్కుకుంటాయండి. గాలి పీల్చుకోడానికి పైకి రావాల కదండీ, రాలేవు. పట్టుకుందామని ఎవరూ పట్టరండి" అన్నాడు. వల నుండి తాబేలు తప్పించుకునే ఏర్పాటు ఉన్నది కదా అని భాయిజాన్ అడిగారు. "ఉందండి. అందులోంచి చేప కూడా పోద్దని భయమండి. డీజిలు అప్పుతో పోసుకున్నోడికి ఒక్కో చేపా లెక్కేనండి" అన్నాడు. భాయిజాన్ మరేమీ అడగలేదు. అప్పు తీర్చేందుకు దేశం విడిచిన మనిషికి ఆ మాట అర్థం కావడానికి వివరణ అక్కరలేదు.

ఆలివ్ రిడ్లీలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. వాటిని గాని గుడ్లను గాని తాకడం నేరం. అటవీశాఖ వారు తీరంలో కొన్నిచోట్ల గుడ్లను సేకరించి కంచెల మధ్య పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. చూడదలచినవారు వారి అనుమతితోనే వెళ్లాలి. రాత్రి వేళ దీపాలు, ఫోను వెలుతురు తాబేళ్లను బెదరగొట్టి, పిల్లలకు దారి తప్పిస్తాయి. అమ్మీ షరతు ప్రకారం మేము మగ్రిబ్ వేళకు రాజోలు దాటాము. బ్రతికిన తాబేలును చూడలేదు.

మూడో రోజు: కోరంగి

కోనసీమకు ఉత్తరపు సరిహద్దయిన గౌతమిని ఎదుర్లంక వద్ద దాటి, యానాం, తాళ్లరేవుల మీదుగా కోరంగి అభయారణ్యానికి వెళ్లాము. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద మడ అడవులలో ఇదొకటి. అడవి లోపలికి చెక్కబాట ఉన్నది. పడవ ప్రయాణం పోటు, ఆటులను బట్టి ఉంటుంది గనుక వేళ ముందే తెలుసుకోవాలి. ఇక్కడ వేట పూర్తిగా నిషిద్ధం. అందుకే గాలాలూ వలలూ ఇంటనే ఉంచి వచ్చాము.

మడ చెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉన్నాయి. తిల్ల చెట్టు పాలు కంట పడితే ప్రమాదమని పడవ సరంగు పిల్లలను హెచ్చరించాడు. ఆ వేర్ల నడుమనే రొయ్య పిల్లలూ చేప పిల్లలూ పెరిగి సముద్రంలోకి పోతాయి. తుపాను కెరటాల ఉధృతిని ముందుగా తట్టుకొనేదీ ఆ చెట్లే. కోరంగి పేరు తెచ్చిన బావురుపిల్లి, నీటిలో దిగి చేపలు పట్టే అడవి పిల్లి, మాకు కనబడలేదు. ఆటుకు బయటపడిన బురదమీద దాని అడుగుల జాడనే సరంగు చూపాడు. నీటికుక్కలు రెండు మాత్రం పడవకు ఎదురుగా దాటి పోయాయి. కొంగలూ లకుముకి పిట్టలూ లెక్కలేనన్ని. చలి దేశాల నుండి వచ్చిన సన్నకాళ్ల పిట్టలు గుంపులుగా బురదలో ఏరుకు తింటున్నాయి.

ఇక్కడ ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టాయి. అయినా ఈ తీరం నుండి ఓడలెక్కి బర్మాకు కూలికి వెళ్లినవారెందరో. అందుకే అక్కడ తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చింది. ఈ సంగతి మేము చెబుతుంటే భాయిజాన్ చాలాసేపు నీటివైపు చూస్తూ ఊరుకున్నారు. "అక్కడ మమ్మల్ని కూడా అంతే. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు" అన్నారు. తిరుగు ప్రయాణంలో యానాం మసీదులో నమాజు చేసుకొని, చీకటి పడేలోగా ఇల్లు చేరాము.

బయలుదేరేవారికి

పిల్లలతో పడవ ఎక్కేటప్పుడు ప్రాణరక్షక జాకెట్లు తప్పనిసరి. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజున ఎంత డబ్బిచ్చినా పడవ అడగవద్దు. పట్టిన చేపలో తినగలిగినంతే ఉంచుకోండి. ప్లాస్టిక్ సీసాలు, సంచులు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. తీరంలో ఫోటో తీసే ముందు ఆ వల ఎవరిదో వారిని పలకరించండి. అన్నింటికంటే ముందు, టికెట్టు కొనక మునుపే పన్నెండు నెలల కాగితం వ్రాసుకోండి. దాని పక్కన ఇంట్లోని పెద్దల వయసు కూడా వ్రాసుకోండి.

పన్నెండు రోజులు ఎంతసేపు? వెళ్లే రోజున అమ్మీ పచ్చడి సీసాలు కడుతూ, "పద్దెనిమిది రోజులు నాకు బాకీ ఉన్నారు" అని భాయిజాన్‌తో అన్నది. ఆయన నవ్వలేకపోయారు.

మొన్న జూలైలో మనుమడు ఫోను చేశాడు. సలాము చెప్పి, బడి సంగతులు కాకుండా మొదట అడిగిన మాట ఇది: "దాదా, గోదావరి ఇప్పుడు ఏ రంగులో ఉంది?"

"ఎర్రబడింది బేటా. వల అటక మీద పెట్టాము" అన్నారు అబ్బా.